స్కూలు ఆర్కెస్ట్రాలో చోటు దొరికాక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పై స్థాయి ఆర్కెస్ట్రాకి ఎంపికైన పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ ఈమధ్య చాలా ఉత్తరాలు రాశారు. ఎంపిక ఎలా అని అడిగినవాళ్లు తక్కువ. ఎంపికయ్యాక ఏమిటన్నదే ఎక్కువమంది సందేహం. ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో పై స్థాయి ఆర్కెస్ట్రాకి ఎంపికయ్యాడు. వారానికి రెండు పూర్తి రిహార్సల్స్, ఒక సెక్షనల్, ఏడాదికి నాలుగు కచేరీలు అంటూ ఒక అంగీకార పత్రం పంపి సంతకం చెయ్యమన్నారు. నిజంగా ఎంత సమయం పడుతుంది? చదువు దెబ్బతినదా?

జవాబు: పత్రంలో కనిపించే గంటలు అసలు గంటల్లో సగం కూడా ఉండవు. లెక్క వేసి చూడండి. గంటన్నర చొప్పున రెండు రిహార్సల్స్ అంటే మూడు గంటలు. సెక్షనల్, అంటే వయొలిన్లు ఒక్కటే, లేదా చెల్లోలు (వయొలిన్ లాంటివే, బాగా పెద్దవి) ఒక్కటే కూర్చుని చేసుకునేది, ఒక గంట. ఇంటిదగ్గర రోజుకి 45 నిమిషాల చొప్పున ఐదు రోజులు సాధన చేస్తే మూడు గంటల ముప్పావు. విడిగా గురువు దగ్గర పాఠం ఉంటే ఇంకో ముప్పావుగంట. మొత్తం ఎనిమిదిన్నర గంటలు. కచేరీ ఉన్న వారంలో చివరి పూర్తి రిహార్సల్ మూడు గంటలు, కచేరీ సాయంత్రం ఇంకో మూడు గంటలు కలుస్తాయి. ఆ వారం పద్నాలుగున్నర గంటల దాకా వెళ్తుందనుకోండి.

చదువుతోపాటు ఇది కుదురుతుంది. కాకపోతే ఆ గంటలకి వారంలో ముందే ఒక చోటు కేటాయించి ఉండాలి. చాలామంది పిల్లలు రిహార్సల్ గంటల్నే లెక్కలో వేసుకుని, ఇంటి సాధనని "వీలున్నప్పుడు" అని వదిలేస్తారు. ఆ వీలు ఆదివారం రాత్రికిగానీ దొరకదు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు వాయిస్తే వేళ్లు అలిసిపోతాయి తప్ప పార్ట్ (తను వాయించాల్సిన భాగం) చేతికి రాదు. రోజూ 45 నిమిషాలు వాయించి రాత్రి నిద్రపోయిన పిల్లవాడికి మర్నాడు అదే బార్ (నొటేషన్‌లో రెండు నిలువు గీతల మధ్య ముక్క) కాస్త తేలిగ్గా పలుకుతుంది.

సంతకానికి ముందు ఆ పత్రాన్ని మీకంటే ముందు అబ్బాయి చదవాలి. గైర్హాజరు గురించి ఎన్ని రోజుల ముందు చెప్పాలో, కచేరీకి మార్కులున్నాయో లేదో, స్కూలు వాయిద్యం ఇస్తే మరమ్మతు ఎవరిదో, రిహార్సల్ అయ్యాక ఎన్ని గంటలకి తీసుకెళ్లాలో అందులో ఉందా చూడండి. లేకపోతే అడగండి. నాలుగు కచేరీల తేదీలూ, వాటి ముందురోజు రిహార్సల్స్ తేదీలూ సంతకం పెట్టిన రోజే ఇంటి క్యాలెండర్ మీదకి ఎక్కించాలి. తర్వాత వచ్చే గొడవల్లో చాలా భాగం ఈ ఒక్క పని చెయ్యకపోవడం వల్లే వస్తాయి.

ప్రశ్న: నేను మొదటి వయొలిన్. నా పార్ట్ మొత్తం నాకు వచ్చు, తప్పు లేకుండా వాయిస్తాను. అయినా రెండు రిహార్సల్స్‌కి రాలేదని మార్కులు తగ్గించారు. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ వాయించడానికి ఎందుకు రావాలి?

జవాబు: నీ పార్ట్ నీకు రావడం చాలా మంచి విషయం. అయితే రిహార్సల్ పని మొదలయ్యేది అక్కణ్ణుంచే. నీ పార్ట్ నేర్చుకునేది ఇంటిదగ్గర. రిహార్సల్‌కి వచ్చేది మిగతావాళ్ల పార్టులు నేర్చుకోవడానికి.

ఒక ఉదాహరణ చూడు. నువ్వు ఇంటిదగ్గర ట్యూనర్ (శ్రుతి సరిచూసే పరికరం) పెట్టుకుని ప్రతి స్వరం దగ్గరా పచ్చదీపం వెలిగేలా వాయించావనుకుందాం. సి మేజర్ కార్డ్‌లో, అంటే సి, ఇ, జి స్వరాలు ఒకేసారి మోగేచోట, నీకు ఇ స్వరం వచ్చింది. ట్యూనర్ చూపించే ఇ దగ్గర నిలబడితే ఆ కార్డ్ కొంచెం కరుగ్గా, రెపరెపలాడుతున్నట్టు వినిపిస్తుంది. కింద చెల్లోలు సి, వయోలాలు (వయొలిన్ కంటే కొంచెం పెద్దవి) జి పట్టుకుని ఉన్నప్పుడు నీ ఇ ట్యూనర్ చెప్పినదానికంటే సుమారు 14 సెంట్లు కిందికి దిగితేనే కార్డ్ స్థిరపడుతుంది. సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు. అదే ఇ స్వరం ఇంకోచోట రాగాన్ని నడిపించే స్వరంగా వచ్చిందనుకో, కొంచెం పైకి పెట్టాల్సి రావచ్చు. ఇది నీ గదిలో ఒక్కడివే ఉండి నేర్చుకోగలిగింది కాదు. చుట్టూ ఆ స్వరాలు మోగుతుంటే చెవి పట్టుకునేది.

ఇక నువ్వు రాని రోజు ఏం జరిగి ఉంటుందో ఆలోచించు. 42వ బార్ డౌన్ బోతో (కమాను కిందికి లాగుతూ) మొదలవ్వాలన్నది మార్చి అప్ బో (కమాను పైకి తోస్తూ) చేసి ఉంటారు. చివరి రెండు బార్లలో, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ వేగం తగ్గించి ఉంటారు. ఎక్కడో వయొలిన్లని తగ్గించి, ఊది వాయించే ఓబోకి దారి ఇవ్వమని ఉంటారు. ఈ మూడూ తెలియకుండా వచ్చి నువ్వు వాయించే ప్రతి స్వరమూ సరిగ్గానే ఉంటుంది. కానీ పన్నెండు కమానులు పైకి పోతుంటే నీది ఒక్కటే కిందికి వస్తుంది. నెమ్మదించాల్సిన చోట నువ్వు ముందుకు పోతావు. నీకు బాగా వచ్చు కాబట్టి గట్టిగా వాయిస్తావు, కాబట్టి ఆ తప్పు ఇంకా బాగా వినిపిస్తుంది. పార్ట్ రానివాడు మెల్లగా వాయించి నష్టం తగ్గిస్తాడు. పార్ట్ వచ్చి రిహార్సల్‌కి రానివాడి వల్లే సెక్షన్‌కి ఎక్కువ ఇబ్బంది.

రాలేని రోజు తప్పనిసరిగా వస్తే, తర్వాతి రిహార్సల్ కంటే ముందే, నీ పక్కన కూర్చునే స్టాండ్ పార్ట్‌నర్ నొటేషన్ చూసి పెన్సిల్ గుర్తులన్నీ నీ కాగితం మీదకి ఎక్కించుకో. ఏమైనా బార్లు తీసేశారా, పునరావృతాలు ఎత్తేశారా అని అడుగు. రిహార్సల్ మొదలయ్యాక పక్కవాడి చెవిలో అడగొద్దు.

ఆలస్యం గురించి కూడా ఒక మాట. అరవైమంది ఉన్న ఆర్కెస్ట్రాలో శ్రుతి చేసుకున్నాక ఒకరు వచ్చి, కుర్చీ లాగి, మళ్లీ శ్రుతి చేసుకునేసరికి ఐదు నిమిషాలు పోతే, అందరిదీ కలిపి 300 నిమిషాలు పోయినట్టు. నాలుగున్నరకి రిహార్సల్ అంటే నాలుగుంపావుకి గదిలో ఉండాలి. అప్పటికే కమానుకి రోజిన్ అనే బంక రాసి, నొటేషన్ వరుసలో పెట్టుకుని, పెన్సిల్ స్టాండ్ మీద ఉండాలి.

ప్రశ్న: కచేరీ రోజే మా కుటుంబంలో ఒక ముఖ్యమైన కార్యక్రమం పడింది. మా అమ్మాయిని కచేరీ మానిపించడం అంత పెద్ద తప్పా?

జవాబు: పరీక్ష రాయలేకపోయిన పిల్లకి ఇంకోరోజు పరీక్ష పెట్టవచ్చు. కచేరీకి ఇంకోరోజు లేదు. అందుకే చాలా ఆర్కెస్ట్రాల్లో కచేరీని పరీక్షతో సమానంగా చూస్తారు. జబ్బు, ఇంట్లో అత్యవసరం ఎవరి చేతిలోనూ ఉండవు, వాటికి ఎవరూ తప్పుపట్టరు. ముందే తెలిసిన కార్యక్రమమైతే తెలిసిన రోజే చెప్పండి. ఆరు వారాల ముందు చెబితే కండక్టర్ ఆ పార్ట్‌ని ఇంకొకరికి ఇవ్వగలరు, సోలో ఉంటే మార్చగలరు. మూడు రోజుల ముందు చెబితే ఏమీ చెయ్యలేరు. మాట అమ్మాయి నోటినుంచే వెళ్లనివ్వండి. మీరు రాసే ఉత్తరం దాని వెనక వెళ్లవచ్చు. అడిగేటప్పుడు "రావడం లేదు" అని తేల్చేయకుండా, కార్యక్రమం ఎన్ని గంటలకి, కచేరీలో తన భాగం ఎన్ని గంటలకి అన్నది కలిపి చూడమనండి. రెండూ కుదిరే దారి చాలాసార్లు దొరుకుతుంది.

ప్రశ్న: రోజూ గంటన్నర వాయిస్తాను. ఇంటిదగ్గర బాగానే వస్తుంది. రిహార్సల్‌లో మాత్రం వేగంగా వచ్చే చోట్ల కుప్పకూలిపోతున్నాను. ఎందుకు?

జవాబు: నువ్వు ఇంటిదగ్గర ఎలా వాయిస్తున్నావో మేం చూడలేదు. అయినా ఇలా రాసినవాళ్లలో మూడు అలవాట్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ప్రతిసారీ మొదటి బార్ నుంచి మొదలుపెట్టడం, తప్పు రాగానే ఆగి దిద్దుకోవడం, కష్టమైన చోట తెలియకుండానే నెమ్మదించడం. రిహార్సల్‌లో ఈ మూడింటికీ వీలు లేదు. ఎక్కడినుంచైనా మొదలుపెట్టమంటారు, ఆగడానికి లేదు, వేగం నీ చేతిలో లేదు.

కాబట్టి సాధనని రెండుగా విడదియ్యి. ఒకటి మరమ్మతు, ఇంకోటి పరుగు. మరమ్మతులో కష్టమైన నాలుగు బార్లు మాత్రమే తీసుకో. అసలు వేగం మెట్రోనోమ్ (లయ కొట్టి చూపించే పరికరం) మీద నిమిషానికి 120 బీట్లు అయితే 60 దగ్గర పెట్టు. వరసగా మూడుసార్లు శుభ్రంగా వస్తే 4 పెంచు. తప్పితే 8 తగ్గించు. 60 నుంచి 120 దాకా పదిహేను మెట్లు, ఒక్కరోజులో ఎక్కాలని చూడొద్దు. రోజుకి కొత్తగా మూడు నాలుగు మెట్లు ఎక్కితే వారంలోపే చేరతావు. మర్నాడు మొదలుపెట్టేటప్పుడు నిన్న ఆగినచోటికి రెండు మెట్లు కింద మొదలుపెట్టు.

అక్కడా పట్టు దొరకకపోతే, నీది తీగ వాయిద్యమైతే, తప్పు ఏ చేతిదో కనుక్కో. ఎడమచేతి వేళ్లు ఎత్తేసి, ఆ బార్లలో కమాను ఏ తీగనుంచి ఏ తీగకి వెళ్తుందో ఖాళీ తీగలమీదే వాయించు. వేగంగా వచ్చే చోట్ల చాలా తప్పులు వేళ్లవి కావు, కమాను తీగ మారడం ఆలస్యమై వచ్చేవి. ఖాళీ తీగలమీద లయ సరిగ్గా ఉంటే తప్పు వేళ్లదని తేలుతుంది. అప్పుడు సమానంగా ఉన్న స్వరాల్ని ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా వాయించు. తర్వాత తిప్పి పొట్టి, పొడుగు. ప్రతి రెండో స్వరం దగ్గరా చేతికి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంకో పద్ధతి చివరినుంచి కట్టుకు రావడం. చివరి బీట్ ఒక్కటే వాయించు. తర్వాత దాని ముందు బీట్ కలుపు. అలా వెనక్కి వెళ్లు. అప్పుడు వాయించేకొద్దీ బాగా తెలిసిన చోటికే చేరుతుంటావు.

పరుగులో ఆగడం నిషేధం. మెట్రోనోమ్ పెట్టి, పేజీ మధ్యలో ఏదో ఒక రిహార్సల్ అక్షరం (నొటేషన్‌లో గుర్తుగా వేసే ఎ, బి, సి లాంటివి) దగ్గర మొదలుపెట్టి, ఏం జరిగినా చివరిదాకా వెళ్లు. దారి తప్పితే స్వరాలన్నీ వదిలేసి ప్రతి బార్‌లో మొదటి బీట్ మాత్రం పట్టుకో. తర్వాతి అక్షరం దగ్గర పూర్తిగా కలుసుకో. దారి తప్పాక మళ్లీ కలవడం కూడా సాధన చెయ్యాల్సిన విద్యే. దాన్ని ఎవరూ సాధన చెయ్యరు, అందుకే ఒక్క తప్పుతో పేజీ మొత్తం పోతుంది.

45 నిమిషాలే ఉంటే శ్రుతి, పొడుగు కమానులు ఐదు నిమిషాలు. ఆ రచన ఏ స్కేల్‌లో ఉందో ఆ స్కేల్ మూడు ఆక్టేవ్‌లలో, ఆర్పెజియోతో (కార్డ్ స్వరాల్ని ఒక్కొక్కటిగా వాయించడం) కలిపి పది. మరమ్మతు ఇరవై. పరుగు ఐదు. కొత్త నొటేషన్ చూడగానే వాయించడం ఐదు. ఈ చివరి ఐదు నిమిషాలు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చే సీటింగ్ ఆడిషన్‌లో దెబ్బతినేదీ అక్కడే. కొత్త కాగితం చూడగానే వాయించెయ్యకు. ముందు అరనిమిషం కీ, టైం సిగ్నేచర్, దారిలో వచ్చే షార్ప్‌లు ఫ్లాట్‌లు, అన్నిటికంటే కష్టమైన బార్ చూసుకో. ఆ కష్టమైన బార్ ఏ వేగంలో వస్తుందో ఆ వేగంలోనే మొదలుపెట్టు.

ప్రశ్న: మా అమ్మాయి మొదటి వయొలిన్‌కి ప్రయత్నిస్తే రెండో వయొలిన్‌లో, అదీ చివరి స్టాండ్‌లో వేశారు. చిన్నబుచ్చుకుంది. దీన్ని ఎలా తీసుకోవాలి?

జవాబు: మొదటి వయొలిన్ అంటే మొదటి ర్యాంకు, రెండో వయొలిన్ అంటే రెండో ర్యాంకు అన్న అర్థం లేదు. అవి రెండు వేర్వేరు పనులు. మొదటి వయొలిన్‌కి ఎక్కువగా బాణీ ఉంటుంది, పైస్థాయి పొజిషన్లు ఉంటాయి. రెండో వయొలిన్‌కి లయ, మధ్యస్వరాలు ఉంటాయి. మధ్యస్వరాలు తప్పితే కార్డ్ మొత్తం చెడిపోతుంది. బాణీ తెలిసినది కాబట్టి చెయ్యి దానంతటదే వెళ్తుంది. తోడు వాయించేవాళ్లు మాత్రం ప్రతి స్వరాన్నీ లెక్కపెట్టి, విని పెట్టాలి. మంచి కండక్టర్లు రెండో వయొలిన్‌లో ఒకరిద్దరు గట్టివాళ్లని కావాలనే కూర్చోబెడతారు.

మధ్యస్వరాల్లో కూర్చున్నవాళ్లు ఎంతగా నేర్చుకుంటారో తెలుసుకోవాలంటే చెక్ స్వరకర్త డ్వొరాక్‌ని తలుచుకోవచ్చు. ప్రేగ్‌లోని ప్రొవిజనల్ థియేటర్ ఆర్కెస్ట్రాలో 1862 నుంచి 1871 దాకా ఆయన వయోలా వాయించారు. బేథోవెన్ కూడా కుర్రతనంలో బాన్ ఆస్థాన ఆర్కెస్ట్రాలో వయోలా వాయించినవారే. స్కూలు ఆర్కెస్ట్రా కోసమే పుట్టిన రచనల్లోనూ ఇది కనిపిస్తుంది. ఇంగ్లిష్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ తాను పాఠం చెప్పే లండన్ బాలికల పాఠశాల కోసం రాసిన సెయింట్ పాల్స్ సూట్ చివరి భాగంలో, పైన ఒక జానపద నృత్యబాణీ తిరుగుతుండగా కింద చెల్లోలు పూర్తిగా వేరే పాటని అందుకుంటాయి. బాణీ ఎప్పుడూ మొదటి వయొలిన్ సొత్తే అనుకున్న పిల్లలు అక్కడ ఉలిక్కిపడతారు.

ఇక చివరి స్టాండ్ సంగతి. అది నిజంగా కష్టమైన చోటు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ముందు స్టాండ్ వెనక స్టాండ్‌కి పది మీటర్ల దూరంలో ఉంటే శబ్దం చేరడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. 120 వేగంలో పదహారో వంతు స్వరం (బీట్‌లో నాలుగోవంతు) 125 మిల్లీసెకన్లే ఉంటుంది. అంటే ముందువాళ్లని విని వాయిస్తే అందులో దాదాపు నాలుగోవంతు వెనకబడతారు. అందుకే చివరి స్టాండ్ వాళ్లు చెవితో కాక కంటితో వాయించాలి. కండక్టర్ బెత్తం, ముందు స్టాండ్ కమానులు రెండూ చూస్తూ ఉండాలి. స్టాండ్‌ని కొంచెం కిందికి దించి, దాని పై అంచుమీదుగా కండక్టర్ కనిపించేలా పెట్టుకోమనండి. ఒక స్టాండ్‌కి ఇద్దరుంటే లోపలి వైపు కూర్చున్నవాళ్లు పేజీ తిప్పుతారు, ప్రేక్షకుల వైపు ఉన్నవాళ్లు వాయిస్తూనే ఉంటారు. స్వరాలు రెండుగా విడిపోయిన చోట బయటివాళ్లు పైస్వరం, లోపలివాళ్లు కింది స్వరం తీసుకోవడం మామూలు పద్ధతి.

తర్వాతి సీటింగ్ ఆడిషన్ ఎప్పుడు, అందులో ఏం అడుగుతారు అన్నది అమ్మాయిని కండక్టర్‌నే అడగమనండి. "నన్నెందుకు వెనక వేశారు" అని కాదు. "ముందుకి రావాలంటే నా వాయింపులో ఏది బాగుపడాలి" అని. మీరు వెళ్లి అడగవద్దు.

ప్రశ్న: నన్ను వయోలా సెక్షన్ లీడర్‌ని చేశారు. నా వయసువాళ్లే, ఇద్దరు నాకంటే పెద్దవాళ్లు. సెక్షనల్‌లో నా మాట ఎవరూ వినడం లేదు.

జవాబు: మాట వినకపోవడానికి చాలాసార్లు కారణం మనిషి కాదు, సిద్ధంగా లేకపోవడం. సెక్షనల్‌కి వచ్చాక "ఏం చేద్దాం?" అని అడిగితే అరగంట కబుర్లలో పోతుంది. ముందే మూడు చోట్లు ఎంచుకో, బార్ నంబర్లతో సహా. 50 నిమిషాల్లో ఐదు నిమిషాలు శ్రుతికి, 35 ఆ మూడు చోట్లకి, పది నిమిషాలు మొత్తం ఒకసారి వాయించడానికి.

బోయింగ్ గుర్తులు (కమాను ఎటు పోవాలో చెప్పేవి) నువ్వు ముందే మొదటి వయొలిన్ లీడర్‌తో మాట్లాడి ఖాయం చేసుకుని ఉండాలి. ఒకే బాణీ ఇద్దరికీ వచ్చినచోట కమానులు కూడా ఒకేలా పోవాలి కదా. ఖాయమైన కాగితాన్ని మొదటి రిహార్సల్‌కి వారం ముందు అందరికీ అందించు. డౌన్ బోకి కింద తెరుచుకున్న పెట్టె, అప్ బోకి వి ఆకారం. 2బి పెన్సిల్‌తో, దూరంనుంచి కనిపించేలా. పెన్నుతో ఎప్పుడూ రాయొద్దు, రెండు వారాల్లో మళ్లీ మారుతుంది.

తప్పు చెప్పేటప్పుడు మనిషి పేరు కాకుండా బార్ నంబరు చెప్పు. "32వ బార్ రెండో బీట్ దగ్గర మనం పరిగెత్తుతున్నాం" అంటే అందరూ దిద్దుకుంటారు. పేరు పెట్టి చెబితే ఒకరు ముడుచుకుపోతారు, మిగతావాళ్లు తమది కాదనుకుంటారు. ఎవరికైనా నిజంగా రాకపోతే అందరూ వెళ్లాక పది నిమిషాలు కూర్చుని చూపించు.

ఇంకోటి, ఊపిరి. సెక్షన్ కలిసి మొదలవ్వాల్సిన చోట ఒక బీట్ ముందు, అదే వేగంలో, వినిపించేలా ఊపిరి పీల్చు. కమానుని కూడా ఆ ఊపిరితో కదిలించు. వెనకవాళ్లు నీ మొహం చూడలేరు, కానీ నీ వీపు, భుజం, కమాను కొన చూస్తారు. వంద మాటలకంటే ఇది ఎక్కువ నడిపిస్తుంది.

ప్రశ్న: క్లారినెట్ వాయిస్తాను. ఒకచోట 63 బార్ల విరామం తర్వాత ఒక్కడినే మొదలుపెట్టాలి. ప్రతిసారీ తప్పుతున్నాను. కండక్టర్ చెయ్యి చూపించడం లేదు.

జవాబు: కండక్టర్ చెయ్యి చూపిస్తే అది సాయం, చూపించకపోతే తప్పు కాదు. విరామం లెక్కపెట్టడం నీ పార్ట్‌లో భాగమే. నాలుగు బీట్ల బార్ అయితే మొదటి బీట్ దగ్గర బార్ సంఖ్య చెప్పుకో: ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు. అయితే 63 దాకా లెక్కమీదే ఆధారపడితే ఏదో ఒకరోజు తప్పుతుంది. రికార్డింగ్ వింటూ, స్కోర్ (అందరి పార్టులూ ఉన్న నొటేషన్) దొరికితే చూస్తూ ఆ విరామాన్ని ముక్కలు చెయ్యి. 17వ బార్‌లో హార్న్ మొదలవుతుంది, 40 దగ్గర రిహార్సల్ అక్షరం, 58 దగ్గర డ్రమ్ దరువు. ఈ మూడూ పెన్సిల్‌తో నీ కాగితం మీద రాసుకో. ప్రతి గుర్తు దగ్గరా లెక్క సరిచూసుకో. రెండు బార్ల ముందు వాయిద్యం నోటి దగ్గరికి రావాలి, వేళ్లు మొదటి స్వరం మీద ఉండాలి. ఊపిరి ఒక బీట్ ముందు.

అంతసేపు ఊరకే ఉన్న క్లారినెట్ చల్లారి శ్రుతి దిగుతుంది. లోపలి గాలి ఒక డిగ్రీ సెల్సియస్ చల్లబడితే శ్రుతి సుమారు మూడు సెంట్లు దిగుతుంది. విరామం చివర్లో చప్పుడు రాకుండా లోపలికి వెచ్చటి ఊపిరి వదులుతూ ఉండు. తీగ వాయిద్యాలకి ఇది తిరగబడుతుంది. వేదికమీద దీపాల వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది, మీది పెరుగుతుంది. కచేరీ మధ్యలో మీరూ వయొలిన్లూ విడిపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఓబో ఎ స్వరం ఇచ్చినప్పుడు బి ఫ్లాట్ క్లారినెట్ మీద నువ్వు వాయించాల్సింది బి. పై స్థాయి ఆర్కెస్ట్రాలో ఎ క్లారినెట్‌కి రాసిన పార్టులు కూడా వస్తాయి. ఆ వాయిద్యం దొరకకపోతే బి ఫ్లాట్ మీద అర్ధస్వరం కిందికి మార్చి వాయించాలి. ముందుగా కాగితం మీద రాసుకో, రిహార్సల్‌లో కూర్చుని మనసులో మార్చుకుందామనుకోకు. పెట్టెలో వాయించి చూసిన రీడ్‌లు (నోటి దగ్గర బిగించే పల్చటి పుల్లలు) కనీసం మూడు ఉండాలి, వాటిని రోజు మార్చి రోజు వాడు. కొత్త రీడ్‌తో కచేరీకి వెళ్లకు.

ప్రశ్న: రిహార్సల్ మధ్యలో మా పాప వయొలిన్ ఇ తీగ తెగింది. మిగతా సమయమంతా ఊరకే కూర్చుంది. పెట్టెలో ఏమేం ఉంచాలి? తీగ తనే మార్చుకోగలదా?

జవాబు: మార్చుకోగలదు, నేర్పించండి. మొదటిసారి గురువు ఎదుట చేయించండి. ఒకసారి ఒక తీగనే విప్పాలి. నాలుగూ కలిసి విప్పితే తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబడి ఉండే చిన్న చెక్క సౌండ్ పోస్ట్ కూడా పడిపోవచ్చు. వాటిని జిగురు కాదు, తీగల బిగువే నిలబెడుతుంది. కొత్త తీగ కూర్చునే గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే తీగ జారుగా కదులుతుంది, తెగదు. తీగ బిగించేకొద్దీ బ్రిడ్జి పైభాగం వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డ్ వైపు వాలుతుంది. పక్కనుంచి చూస్తే టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే భాగం) వైపున్న దాని ముఖం నిటారుగా ఉండాలి. వాలితే రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో పట్టుకుని మెల్లగా నిలబెట్టాలి. దీన్ని పట్టించుకోకపోతే బ్రిడ్జి వంకరపోతుంది, లేదా ఠప్పున పడి పైచెక్క మీద గీత పెడుతుంది. సౌండ్ పోస్ట్ పడితే మాత్రం తీగలు వదులు చేసి మరమ్మతు చేసేవాళ్లకే ఇవ్వాలి.

స్టీల్ ఇ తీగ త్వరగా స్థిరపడుతుంది. సింథటిక్ తీగలు రెండు నుంచి నాలుగు రోజులు సాగుతూనే ఉంటాయి. అందుకే కచేరీకి వారం ముందే మార్చుకోవాలి. రోజూ వాయించే పిల్లలకి తీగలు ఆరు నెలలనుంచి ఏడాది వస్తాయి. తెగకపోయినా శబ్దం మొద్దుబారుతుంది.

పెట్టెలో పూర్తి తీగల సెట్టు, రోజిన్, మెత్తటి గుడ్డ, మ్యూట్ (బ్రిడ్జికి తగిలించి శబ్దం తగ్గించేది), రెండు పెన్సిళ్లు, రబ్బరు ఉండాలి. చెల్లో అయితే ఎండ్‌పిన్ (నేలకి ఆనే ముల్లు) జారకుండా పట్టీ. రోజిన్ రోజుకి ఒకసారి, ఆ చివరనుంచి ఈ చివరికి మూడు నాలుగు సార్లు రుద్దితే చాలు, ఎక్కువైతే శబ్దం గీరినట్టు వస్తుంది, పొడి పైచెక్క మీద అంటుకుంటుంది. కమాను వెంట్రుకల్ని చేత్తో తాకనివ్వొద్దు. వాయించాక ప్రతిసారీ వదులు చెయ్యాలి. వాయిద్యాన్ని ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలకండి. వేడికి జిగురు మెత్తబడి అతుకులు విడిపోతాయి.

ప్రశ్న: కచేరీ ముందు వారాల్లో ఎడమ మణికట్టు నొప్పి వస్తోంది. ట్రంపెట్ల ముందు కూర్చుంటాను, ఇంటికొచ్చాక చెవుల్లో హోరు. ఇవి మామూలేనా?

జవాబు: రెండూ మామూలు కాదు. నొప్పి వస్తే ఆరోజుకి ఆపాలి. పళ్లు బిగించి వాయించడం పట్టుదల కాదు, గాయాన్ని పెంచుకోవడం. కచేరీ దగ్గర పడిందని సాధనని ఒక్కసారిగా రెట్టింపు చెయ్యడమే చాలాసార్లు కారణం. అరగంటకోసారి ఐదు నిమిషాలు వాయిద్యం దించు. షోల్డర్ రెస్ట్ ఎత్తు, మణికట్టు లోపలికి విరిగి ఉందేమో గురువుకి చూపించు. రెండు మూడు రోజుల విశ్రాంతికి తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలి. ఆ రోజుల్లో కూడా రిహార్సల్‌కి వచ్చి, నొటేషన్ చూస్తూ గుర్తులు పెట్టుకుంటూ కూర్చోవచ్చు.

చెవుల సంగతి ఈరోజే కండక్టర్‌కి చెప్పు. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు పరిమితి అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. ఇత్తడి వాయిద్యాల ముందు కుర్చీలో శబ్దం ఆ స్థాయికి చేరడం అరుదేమీ కాదు. కుర్చీలు మార్చడం, మధ్యలో పారదర్శకమైన తెర పెట్టడం, సంగీతం వాయించేవాళ్ల కోసం చేసిన ఇయర్‌ప్లగ్‌లు వాడటం, ఈ మూడూ ఉన్నాయి. ఆ ప్లగ్‌లు పైస్వరాల్నీ కిందిస్వరాల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి శ్రుతి వినిపిస్తుంది. హోరు మర్నాటికీ పోకపోతే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ప్రశ్న: కచేరీకి ఐదు వారాలుంది. మా అమ్మాయి మానేస్తానంటోంది. ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ (అన్నిటికంటే కింది స్వరాలు పలికే పెద్ద తీగ వాయిద్యం) వాయించేవాళ్లు ఇద్దరే, అందులో తనొకతి. బలవంతం చెయ్యాలా?

జవాబు: ముందు కారణం తెలుసుకోండి. ఒంటినొప్పి అయినా, ఎవరైనా ఏడిపిస్తున్నా వెంటనే ఆపించండి. కచేరీ ఏమవుతుందన్నది పెద్దవాళ్లు చూసుకుంటారు, ఆ బరువు పిల్లమీద పెట్టకూడదు.

పార్ట్ అందడం లేదన్నది కారణమైతే దానికి దారి ఉంది, కానీ పిల్లలు సిగ్గుపడి అడగరు. వేగంగా వచ్చే చోట్ల ప్రతి బీట్‌కీ మొదటి స్వరం మాత్రమే వాయించేలా కండక్టర్ పార్ట్‌ని తేలిక చెయ్యగలరు. రెండో బాస్ వాయించేవాళ్లు మొత్తం స్వరాలు పట్టుకుంటే, ఆర్కెస్ట్రాకి కింద ఆధారం పోదు. ఏ బార్లు అందడం లేదో నంబర్లతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి చూపించమనండి. "నావల్ల కావడం లేదు" అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేరు, "71 నుంచి 78 దాకా అందడం లేదు" అన్నదానికి చెప్పగలరు.

ఆసక్తి పోయిందంటే, లేదా వేరే పని ఎక్కువ నచ్చిందంటే, అది తప్పేమీ కాదు. కానీ ఐదు వారాల్లో ఇంకో బాస్ వాయించేవాళ్లు తయారవ్వరు, ఒక్క బాస్‌తో మొత్తం ఆర్కెస్ట్రా శబ్దమే మారిపోతుంది. ఈ కచేరీ దాకా వాయించి, ఆ తర్వాత మానేస్తానని ఇప్పుడే కండక్టర్‌కి చెప్పమనండి. తర్వాతి ఆడిషన్ల లోపు వాళ్లు ఇంకొకరిని వెతుక్కుంటారు. చివరి తేదీ కళ్లముందు కనిపిస్తే మిగిలిన వారాలు పిల్లలకి అంత బరువుగా ఉండవు. కచేరీ అయిన వారంలో స్కూలు వాయిద్యం, కమాను, నొటేషన్ కాగితాలు అన్నీ వరసలో అప్పగించాలి. నొటేషన్‌లో తను సొంతంగా రాసుకున్న వేళ్ల నంబర్లు చెరిపేసి, బోయింగ్ గుర్తులు మాత్రం వచ్చేవాళ్ల కోసం ఉంచాలా వద్దా అన్నది సెక్షన్ లీడర్‌ని అడిగి ఇవ్వమనండి.